కాలి మీద కుట్ల అచ్చు

ఆ కిక్ తప్పింది నా వల్లేనని మా కాలేజీ ఉన్న ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకునేవాళ్ళున్నారు. చెప్పుకోనీలే అని ఊరుకునేంత మంచితనం నాకు లేదు. వయసు మీద పడితే కోపం అదే తగ్గుతుందని పెళ్ళైన కొత్తలో మా ఆవిడ ఆశపడింది. తగ్గింది ఆవిడ ఆశ మాత్రమే.

డెబ్భైల చివర్లో నేను అమెరికా వచ్చాను. మా మేనమామ నార్త్ కరొలైనాలో ఒక చిన్న కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవాడు. ఆయన ఇంట్లో ఉంటూ అదే కాలేజీలో డిగ్రీ చదవాలని ఏర్పాటు. అంతకుముందు నా చదువంతా బందరు దగ్గర మిషన్ స్కూల్లో సాగింది. చదువు కంటే ఆటే ఎక్కువ. ఇసక నేల మీద వట్టికాళ్ళతో ఫుట్‌బాల్ ఆడేవాళ్ళం. బూట్లు వేసుకొచ్చేవాడు ఒక్కడుండేవాడు, వాణ్ణి ఏడిపించి వదిలేవాళ్ళం. నేను ఫుల్‌బ్యాక్‌ని. మా గోలు ముందు నుంచి తంతే బంతి అవతలి గోలీ దగ్గర పడేది. గొప్పలు చెప్పుకుంటున్నానని మీరనుకోవచ్చు, నాకేం అభ్యంతరం లేదు.

ఒక మధ్యాహ్నం కాలేజీ మైదానం అంచున నైజీరియా కుర్రాళ్ళతో ఆడుకుంటున్నాను. అవతల అమెరికన్ ఫుట్‌బాల్ ప్రాక్టీస్ చేయిస్తున్న కోచ్ వచ్చి వాళ్ళ కోలబంతి నా చేతికిచ్చాడు. "దీన్ని ఆ రెండు స్తంభాల మధ్య నుంచి పంపగలవా?" అన్నాడు. నేను బూట్లు విప్పాను. వాళ్ళ జట్టంతా నవ్వింది. తన్నాను. బంతి స్తంభాల మధ్య నుంచి పోయి వెనకున్న కార్ల మీద పడింది. నవ్వడం ఆపారు. అలా ఆ ఆటలోకి వెళ్ళాను. కాలేజీ జట్టులో ఆ ఆట ఆడిన తొలి తెలుగువాళ్ళలో నేనొకణ్ణి అయ్యుంటాను. ఎవరూ లెక్కపెట్టలేదు కాబట్టి గట్టిగా చెప్పలేను.

మావయ్య ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. "మ్యాచ్‌లు ఆదివారం కాదు గదరా?" శనివారమని చెప్పాను. "అయితే ఆడుకో. ఆదివారం ప్రేయర్‌కి మాత్రం కుంటుకుంటూ రాకు, అందరూ నన్నడుగుతారు," అన్నాడు. చుట్టుపక్కల ఉన్న కోస్తా వాళ్ళం కొన్ని కుటుంబాలం ఆదివారం సాయంత్రం ఒక అమెరికన్ చర్చి బేస్‌మెంట్‌లో తెలుగులో ఆరాధన చేసుకునేవాళ్ళం. అక్కడి ఆంటీలకి నా ఆట ఏమిటో చివరిదాకా అర్థం కాలేదు గాని, నా కోసం ప్రార్థన మాత్రం చేసేవాళ్ళు.

మీకూ కొంచెం చెప్పాలి. బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట అది. ఇక ముందుకు దారి లేదనుకున్నప్పుడే కాలితో తన్నేవాణ్ణి, అంటే కిక్కర్‌ని, పిలుస్తారు. కిక్ ముగ్గురి పని. ఒకడు వంగి తన కాళ్ళ సందులోంచి బంతిని వెనక్కి విసురుతాడు. ఇంకొకడు మోకాలి మీద కూర్చుని దాన్ని పట్టి, నేల మీదున్న రబ్బరు దిమ్మపై నిలబెట్టి, వేలితో ఆనించి పట్టుకుంటాడు. మూడోవాడు పరిగెత్తుకొచ్చి తంతాడు. బంతికి ఒక పక్క గట్టి లేసులు కుట్టి ఉంటాయి. పట్టేవాడు బంతిని నిలబెడుతూనే తిప్పి, ఆ లేసులు స్తంభాల వైపు ఉండేలా చూడాలి. అవి కిక్కర్ వైపుంటే బంతి ఎటుపోతుందో ఎవరికీ తెలియదు. ఇదంతా రెప్పపాటులో అయిపోతుంది. చూసేవాళ్ళకి కనిపించేది తన్నినవాడొక్కడే.

ఆ తన్నినవాడికి అక్కడ ఉన్న మర్యాద కూడా వినండి. జట్టంతా ఒకచోట చెమటోడుస్తుంటే కిక్కర్లని మైదానం మూలకి పొమ్మనేవాళ్ళు. బట్టలు మార్చుకునే గదిలో మాసిన తువ్వాళ్ళ బుట్ట పక్కన నా చోటు. నా పేరు పలకడానికి ఎవరూ ప్రయత్నం కూడా చేయలేదు. అందరికీ నేను "కాలు". కాలు వచ్చిందా, కాలుని పిలవండి, కాలు చేత కొట్టించండి. నా మిగతా శరీరం వాళ్ళకి అక్కర్లేదు.

మా జట్టులో బంతి పట్టేవాడు మా క్వార్టర్‌బ్యాక్. ఆటంతా నడిపించేవాడు అతనే, జట్టుకి రాజకుమారుడు. పొడుగ్గా, అందంగా, ఎప్పుడూ నవ్వుతూ ఉండేవాడు. ఊళ్ళో ఆడపిల్లలే కాదు, వాళ్ళ అమ్మలు కూడా అతని కోసం మ్యాచ్‌లకి వచ్చేవాళ్ళు. నాతో బంతి పట్టే ప్రాక్టీస్‌కి మాత్రం వచ్చేవాడు కాదు. తనకి అలవాటేననేవాడు.

నా చివరి ఏడు చివరి మ్యాచ్. గెలిస్తే మా లీగ్‌లో ఛాంపియన్‌షిప్ మాది. ఒక్క పాయింటు వెనకబడి ఉన్నాం, ఆట ముగియబోతోంది. కాలుని పిలిచారు. దూరం పెద్దది కాదు, బందర్లో అయితే ఎడమకాలితో కొట్టేవాణ్ణి. నవంబరు చలికి గడ్డి గట్టిపడింది. బంతి వచ్చింది, అతను పట్టాడు, నిలబెట్టాడు. నేను ఎప్పటిలాగే వట్టికాలితో తన్నాను.

పాదం పైభాగంలో కత్తితో గీసినట్టు మంట పుట్టింది. బంతి వంకర తిరిగి ఎడమ స్తంభం అవతలికి పోయింది.

బూటు వేసుకున్నవాడికి ఆ మంట తెలియదు. నాకు తెలిసింది. మైదానం పక్క గట్టున కూర్చుని చూసుకుంటే పాదం మీద ఎర్రగా లేసుల అచ్చు, కుట్టు కుట్టూ లెక్కపెట్టేలా. మ్యాచ్ చూడ్డానికొచ్చిన మావయ్య గోడ దూకినంత పని చేసి నా దగ్గరికొచ్చాడు. "ఇదేంట్రా, కాలి మీద ఎవరో కుట్లేసినట్టుంది!" అన్నాడు. నేను ఆ కాలితోనే కోచ్ దగ్గరికెళ్ళి, లేసులు నా వైపున్నాయని చెప్పాను. "ఇచ్చిన బంతి కొట్టడమే కిక్కర్ పని," అని మొహం తిప్పుకున్నాడు. అప్పుడు క్వార్టర్‌బ్యాక్ దగ్గరికెళ్ళి పాదం చూపించాను. అతను చూశాడు. బాగా చూశాడు. "ఐసు పెట్టుకో," అన్నాడు. అంతే. మర్నాడు ప్రేయర్‌కి నేను కుంటుకుంటూనే వెళ్ళాను. అప్పటికే అచ్చు చెరిగిపోయింది. దూరం నుంచి తీసిన మ్యాచ్ ఫిల్ములో బంతే చుక్కలా ఉంటుంది, ఇక లేసులెక్కడ కనిపిస్తాయి? నింద మొత్తం నా నెత్తిన రుద్ది ఊరు ఊరంతా చేతులు దులుపుకుంది.

తర్వాత నేను అదే రాష్ట్రంలో మోరిస్‌విల్ దగ్గర ఒక హైస్కూల్లో లెక్కల టీచరుగా చేరాను. చుట్టూ పొగాకు చేలుండే రోజులవి. పెళ్ళయింది. మా ఆవిడది గుంటూరు, ఇక్కడ హాస్పిటల్లో నర్సు. బతుకు తన దారిన పోతోంది. ఎనభైల మధ్యలో మా స్కూలు ఫుట్‌బాల్ జట్టుకి కొత్త హెడ్ కోచ్ వచ్చాడన్నారు. కారిడార్‌లో ఎదురుపడి, రెండు చేతులూ చాచి, "కాలు!" అని అరిచాడు. అతనే, మా పాత క్వార్టర్‌బ్యాక్. కౌగిలించుకున్నాడు కూడా.

"మా వాళ్ళకి కిక్కింగ్ కోచ్‌గా ఉండు, నీకంటే తెలిసినవాడెవడు?" అన్నాడు. ఒప్పుకున్నాను. బంతి మీద నాకున్న ప్రేమ అలాంటిది. ఎప్పుడో ఒకరోజు, ఇద్దరమే ఉన్నప్పుడైనా, "ఆ రోజు తప్పు నాది," అని అంటాడన్న ఆశ కూడా లోపల ఉంది. ఆ ఒక్క మాట కోసం నేను కాచుకుని కూర్చున్నాను.

నా కోచింగ్ పద్ధతి వేరు. విసిరేవాడు, పట్టేవాడు, తన్నేవాడు ముగ్గురూ విడిపోవడానికి వీల్లేదు. కిక్ తప్పితే ముగ్గురూ మైదానం చుట్టూ పరిగెత్తాలి. వాళ్ళ పనులు తారుమారు చేసి కూడా చేయించేవాణ్ణి. కొత్తగా చేరిన ప్రతివాడి చేతా మొదటిరోజే బూటు విప్పించి, లేసుల వైపు నుంచి మెల్లగా ఒకసారి తన్నమనేవాణ్ణి. "అబ్బా!" అనేవాళ్ళు. "గుర్తుంచుకోండి, మీరు బంతి తిప్పకపోతే మీ స్నేహితుడికి తగిలేది ఇదే," అని చెప్పేవాణ్ణి. హెడ్ కోచ్ అది చూసి నవ్వేవాడు. ఎందుకలా చేయిస్తున్నావని మాత్రం ఒక్కసారీ అడగలేదు.

అతను చేసిందేమిటో చెబుతాను. ప్రతి సీజన్ చివరా స్కూలు కెఫెటీరియాలో విందు ఉంటుంది, ఆటగాళ్ళూ తల్లిదండ్రులూ వస్తారు. అక్కడ అతను మైకు పుచ్చుకుని ప్రతి ఏడూ అదే కథ చెప్పేవాడు. "నా ఛాంపియన్‌షిప్‌ని ఎడమ స్తంభం పక్కకి తన్నిన కాలు ఇదిగో, ఇక్కడే కూర్చుని చికెన్ తింటోంది!" అందరూ పడీ పడీ నవ్వేవాళ్ళు. నా వీపు మీద చరిచేవాళ్ళు. నేనూ పళ్ళు బయటపెట్టేవాణ్ణి. పక్కన పట్టుచీరలో కూర్చున్న మా ఆవిడ నవ్వేది కాదు. ఇంటికి డ్రైవ్ చేస్తుంటే అనేది, "ఏమండీ, ఆయన జోక్ చేయడానికేనా మనం డ్రెస్ చేసుకుని వెళ్ళేది? మీరెందుకండీ ఏమీ అనరు?"

ఏమనను? అన్నాను కదా ఒకసారి, ఐసు పెట్టుకోమన్నాడు.

అలా కొన్నేళ్ళు గడిచాక, ఒక ఏడు మ్యాచ్‌లో మా కిక్కర్ ఆఖరి కిక్ తప్పాడు. మంచి కుర్రాడు, లేతగా ఉండేవాడు, మాట మెత్తన. గట్టుకి వచ్చి నా చెవిలో, "సర్, లేసులు నా వైపున్నాయి," అన్నాడు. బంతి పట్టిన కుర్రాడు మోకాలి మీద నుంచి ఇంకా లేవనే లేదు. నేను హెడ్ కోచ్‌కి ఉన్నదున్నట్టు చెప్పాను. వినిపించుకోకుండా, జనమంతా చూస్తుండగా కిక్కర్ ఛాతీ మీద వేలు పెట్టి పొడుస్తూ, "నువ్వే ఓడించావు!" అని అరిచాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా స్కూలు, ఉద్యోగం, పదిమందీ అనుకుని ఆగాను.

విందులో మళ్ళీ మైకు, మళ్ళీ అదే కథ. నవ్వులు అయ్యాక ఆగాడు. ఆ కుర్రాడి వైపు చెయ్యి చూపించి, "దేవుడు నా మీద జాలిపడి ఈ ఏడు ఇంకో కాలుని కూడా పంపాడు!" అన్నాడు. నవ్వారు, ముందంత కాదు. ఆ కుర్రాడు తల్లిదండ్రుల మధ్య కూర్చున్నాడు. వాడూ నాలాగే పళ్ళు బయటపెట్టాడు. వాళ్ళమ్మ నోటిదాకా తీసుకెళ్ళిన చెంచా మళ్ళీ పళ్ళెంలో పెట్టేసింది.

నా పరువు పోతే నేను దిగమింగాను, అది నా ఖర్మ అనుకున్నాను. ఆ పిల్లాడు చేసిన పాపమేమిటి? ఇంకెన్నేళ్ళు ఎంతమంది పిల్లల చేత అలా పళ్ళు బయటపెట్టిస్తాడు?

లేచాను. ముందు బల్ల మీద అలంకారానికి పెట్టిన బంతి తీసుకున్నాను. "కోచ్, ఒకసారి నాకు పట్టండి," అన్నాను. అదీ వేడుకే అనుకున్నారు, చప్పట్లు కొట్టారు. అతను నవ్వుతూ వచ్చి, కోటు వెనక్కి తోసుకుని, కెఫెటీరియా నేల మీద మోకాలేశాడు. నేను బంతి విసిరాను. అతను పట్టాడు, నేల మీద నిలబెట్టాడు. నిలబెడుతూనే అతని వేళ్ళు బంతిని చకచకా తిప్పాయి. లేసులు నా వైపు కాకుండా అవతల తలుపు వైపు వెళ్ళాయి. ఎన్నో ఏళ్ళుగా పిల్లలకి నేర్పిన పని, చెయ్యి దాని పని అది చేసుకుపోయింది.

"ఇదీ పద్ధతి," అన్నాను. మైకు అక్కర్లేనంత గట్టిగానే అన్నాను. "ఇప్పుడు తిప్పారు. ఆ రోజు తిప్పలేదు. నా పాదం మీద లేసుల అచ్చు పడింది, తెచ్చి మీకు చూపించాను. మీరు చూశారు. ఐసు పెట్టుకోమన్నారు. ఈ కుర్రాడికీ లేసులు తన్నే వైపే ఉన్నాయి. అది బంతి పట్టిన పిల్లాడికి తెలుసు, మీకూ చెప్పాను. తప్పు ముగ్గురిదైనప్పుడు ఒక్కణ్ణే నిలబెట్టి నవ్వించడం కోచింగ్ కాదు."

అతను లేచి మోకాలు దులుపుకున్నాడు. నా మొహంలోకి చూడకుండా, "అయ్యుండొచ్చు. చాలా కాలమైంది కదా," అన్నాడు.

అయ్యుండొచ్చు! ఇన్నేళ్ళు మోసి మోసి నేను సంపాదించింది ఆ ఒక్క మాట. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. కారులో మా ఆవిడ, "పోనీలెండి, ఈసారి ఏదో ఒకటి అన్నారు మీరు," అంది. ఇంటికెళ్ళాక నాకు ఇష్టమని వేడివేడిగా చారు పెట్టింది.

మరుసటి ఏడు ఆగస్టులో ప్రాక్టీస్ మొదలైంది. నన్ను పిలవలేదు. కిక్కింగ్ కోచ్‌గా ఎవరో కొత్తవాణ్ణి పెట్టుకున్నారని స్టాఫ్ రూమ్‌లో తెలిసింది. లెక్కలు మాత్రం చెప్పుకోనిచ్చారు. ఆ సీజన్ చివరి విందుకి నేను వెళ్ళలేదు, ఎవరూ రమ్మనలేదు కూడా.

విందు జరిగిన సాయంత్రం ఫోను మోగింది. పోయిన ఏడు విందులో నవ్వులపాలైన మా కిక్కర్ కుర్రాడే. ఆ ఏడు వాడు తప్పిన కిక్ ఒక్కటీ లేదని అందరూ అనగా విన్నాను.

"సర్, కోచ్ మళ్ళీ ఆ కథ చెప్పారు," అన్నాడు.

"చెబుతాడు. చెప్పకపోతే అతనికి అన్నం అరగదు," అన్నాను.

"కాదు సర్, వినండి. మీరు కిక్ తప్పారన్న చోటికి వచ్చేసరికి, నాకు బంతి పట్టేవాడున్నాడు కదా, వాడు లేచి నిలబడి, 'కోచ్, లేసులు ఎటున్నాయి?' అని అడిగాడు. తర్వాత బంతి విసిరేవాడు లేచి అదే అడిగాడు. తర్వాత నేను. ఆ తర్వాత మా బల్ల మీద వాళ్ళందరూ లేచారు సర్."

"అతనేమన్నాడు?"

"సర్, కథ అక్కడ ఆపేసి కూర్చున్నారు."