మచ్చు బెల్లం పాట

మా బ్యాండుని ఊరు రౌడీల గోల అంది. అన్నవాళ్లే పెళ్లి ఊరేగింపుల్లో అంతకు రెట్టింపు గోలకి తలలూపేవారు. తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అరవైల చివర మాట. మేం ముగ్గురం. రైల్వే గుమాస్తా కొడుకుది గిటారు, పెళ్లి బ్యాండు మాస్టారి కొడుకుది డ్రమ్ము. కశింకోట చెరుకు రైతు కొడుకుని, గొంతు నాది. జుట్లు మెడ దాటించాం. వానాకాలం గానుగ ఆడదు కాబట్టి మా బెల్లం పాకలోనే సాధన. విదేశీ రికార్డుల్లో విన్న అరుపులన్నీ తెలుగులో అరిచేవాళ్లం.

ఆ పాట నేనే రాశాను. అనకాపల్లి బెల్లం మార్కెట్లో ప్రతి రైతు దిమ్మా విరిచి మచ్చు తీస్తారు. రుచికి చిటికెడు చాలు. షావుకారు మనిషి మాత్రం చేతికందినంత విరిచి బుట్టలో వేసుకునేవాడు. ఆ బుట్ట ఎవరింటికి పోతోందని నా పాట అడిగింది. కాలేజీ వార్షికోత్సవంలో పాడితే కుర్రాళ్లు బెంచీలెక్కి గంతులేశారు. వారం తిరక్కుండా మార్కెట్ కళాసీలు కూడా దిమ్మలు మోస్తూ అదే పాడారు.

షావుకార్లు ఒక్కటయ్యారు. మేం వచ్చి తప్పు ఒప్పుకునేదాకా మాస్టారి మేళాన్ని ఏ పెళ్లికీ పిలవద్దన్నారు, మా నాన్న బెల్లాన్ని మార్కెట్లో దించనిచ్చేది లేదన్నారు. గిటారు వాణ్ణి వాళ్ల నాన్న మేనమామ ఊరికి పంపేశాడు.

డ్రమ్ము వాడు మా పాకకి వచ్చాడు.

"అందులో తప్పేటుందిరా అన్నాడు మా నాన్న. నేనెల్లను. నువ్వూ ఎల్లకు బావా."

"ఎల్లను," అన్నాను.

మర్నాడు పొద్దున్నే నాన్న బండి వెనక నడిచాను. బండిలో ఇంటిల్లిపాది కష్టం ఉంది, నిజమే. ఆ నిజాన్ని అడ్డం పెట్టుకున్న పిరికివాణ్ణి నేను.

మార్కెట్ మధ్యలో చేతులు కట్టుకుని తప్పయిందన్నాను.

"పాట ఎవుడు రాసేడు?" అన్నాడు షావుకారు.

"డ్రమ్ము వాడండి."

షావుకారు నవ్వి, మా దిమ్మే విరిచి, పెద్ద ముక్క నా చేతిలో పెట్టాడు. "తిను. తియ్యగుందేటి?"

తిన్నాను. తియ్యగుందండి అని కూడా అన్నాను.

అవతల కళాసీలు నా పాటే పాడుతున్నారు. నన్ను చూసి ఆపేశారు.

ఆ వేసవి మాస్టారి మేళానికి ఒక్క పెళ్లి పిలుపూ రాలేదు. మా బెల్లం మాత్రం ఆ పూటే దిగింది.