ఆదివారం దాకా తెరిచే ఉంటుంది

మా డ్రాయింగు మాస్టారు గురువారం పొద్దున్న పోయారు. రాజమండ్రిలో ఆయన శిష్యులం పెట్టిన బొమ్మల ప్రదర్శన ఆదివారం ముగియాలి. నేను హాలు తలుపు తీస్తుండగా ఫోనొచ్చింది. తోటివాళ్లందరిదీ ఒకటే మాట, ఇవాళే మూసేద్దామని. నేను మొండికేశాను. సాయంత్రం భయపడుతూనే మాస్టారి భార్యని అడిగాను.

"ఆదివారం దాకా నడపండమ్మా. ఆయనుంటే ఏమనేవారో నీకు తెలీదా ఏంటి?" అన్నారావిడ.

తెలియకేం! హైస్కూల్లో లెక్కలు చెప్పుకునే నేను ముప్పై ఆరేళ్ల వయసులో ఆయన దగ్గర చేరాను. పొరపాటున టీ కప్పులో కుంచె ముంచి, "రంగు బాగానే ఉందే" అని దానితోనే గోదావరి గట్టు వేసేసిన మనిషి. ఎంత లేటుగా వెళ్లినా తిట్టేవారు కాదు. కుంచె కడగకుండా పెడితే మాత్రం ఊరుకునేవారు కాదు.

ఏటా ప్రదర్శన చివరి సాయంత్రం ఆయనదో పద్ధతి ఉండేది. ఎవరి బొమ్మ వాళ్లే దించాలి. దించేముందు ఆయన ఎదుట నిలబడి "అయిందండి" అని, సంతకం పెట్టాలి. ఆ తర్వాత దానిమీద కుంచె పెట్టకూడదు. నేను ఏ ఏడూ ఆ మాట అనలేదు. ఒకసారి గోడమీదున్న బొమ్మలోనే తెరచాప దిద్దుతూ దొరికిపోయాను కూడా.

"ఇంకొంచెం ఉందండి మాస్టారూ."

"ఆ కొంచెం ఎప్పుడూ ఉంటుందమ్మా. తప్పుంటే ఉండనీ, వచ్చే బొమ్మకి పనికొస్తుంది."

వచ్చే ఏడూ ఆయనే అడుగుతారులే అన్న ధీమా నాది. మా ఇంట్లో మంచం కింద సంతకం లేని బొమ్మలు పేరుకున్నాయి. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

శుక్రవారం నలుగురే వచ్చారు. అయినా దీపాలన్నీ వేసే ఉంచాం. ఆదివారం ఆరింటికి, ఎవరి ఎదుట నిలబడాలో తెలీక ఒకరి ఎదుట ఒకరం నిలబడ్డాం. నా బొమ్మ రేవులో వల బాగుచేసుకుంటున్న ఒకావిడది. ఆవిడ ఎడమచెయ్యి కుదరలేదు. దిద్దుదామనే సంచిలో కుంచె, రంగు తెచ్చుకున్నాను. ఇంకొక్క ఏడాది ఆగలేదని మాస్టారి మీద చాలా కోపం వచ్చింది. ఆ చేతిని అలాగే వదిలేసి, "అయిందండి" అన్నాను, గట్టిగానే. ఆ కుంచెతోనే కింద మూల నా పేరు రాశాను.

ఆయిల్ రంగు ఒక పట్టాన ఆరదు. ఆటోలో బొమ్మని ఒళ్లో నిలబెట్టుకుని, కొంగూ చెయ్యీ ఆ పేరుకి తగలకుండా కూర్చున్నాను.

"గతుకులండి, మెల్లిగా పోనిమ్మంటారా?" అన్నాడు ఆటో అతను.

"పర్లేదండి, పోనివ్వండి" అన్నాను, ఫ్రేమును రెండు చేతులా పట్టుకుని.