పిన్ని చదివిన వాతావరణం

మా పిన్ని విమానాశ్రయంలో వాతావరణం చెబుతుంది. టీవీలో కనిపించే రకం కాదు. రన్‌వే వైపు కిటికీ ఉన్న ఓ ఇరుకు గదిలో కంప్యూటర్ల ముందు కూర్చుని, బయలుదేరబోయే పైలట్లకు దారిలో ఏ మబ్బు ఎంత ఎత్తుంది, దిగేచోట గాలి ఎటు కొడుతోంది అన్నది చెప్పడం ఆవిడ పని. ముక్కుసూటి మనిషి. అబద్ధం అసలే చేతకాదు. కొత్తగా జుట్టు కత్తిరించుకుని ఎలా ఉందని ఆవిణ్ణి అడగడం నేను ఒక్కసారే చేశాను.

బాబాయ్‌ది దానికి పూర్తిగా ఎదురు రకం. తాళాలు బాగుచేసే షాపు ఆయనది, నోటికి మాత్రం తాళం ఉండేది కాదు. పిన్ని మూతి ముడిస్తే చాలు, "మీ పిన్ని దగ్గర అల్పపీడనం ఏర్పడిందమ్మా. మధ్యాహ్నానికి వాయుగుండం, సాయంత్రానికి తుఫాను. వంటింట్లో తీరం దాటుతుంది, నువ్వు ఇటే ఉండు" అనేవాడు. పిన్ని నవ్వాపుకోలేక తలుపు వేసుకునేది.

అలాంటి మనిషికి కాలేయం పాడైంది. తాగుడు అలవాటు లేదని అడిగినవాడికల్లా చెప్పీ చెప్పీ మా నోళ్ళు నొప్పెట్టాయి. మార్పిడి ఒక్కటే దారి అన్నారు. అది చేసే ఆసుపత్రి సముద్రం ఒడ్డున పెద్ద ఊళ్ళో ఉంది. పేరు రాయించి ఎదురుచూశాం. కాలేయం దొరికిందని ఫోను రానే వచ్చింది. ఏం లాభం, సముద్రం మీద వాయుగుండం కూర్చున్న రోజునే వచ్చింది! సాయంత్రంలోగా తీసుకురమ్మన్నారు. రోడ్డున వెళితే మర్నాటికి గానీ చేరం, ఇచ్చినవాళ్ళ కాలేయం అంతసేపు నిలవదు. రోగుల్ని తీసుకెళ్ళే చిన్న విమానం మాట్లాడుకున్నాం.

ఆ పూట డ్యూటీ పిన్నిది. ఆవిడ బదులు కూర్చోబెట్టడానికి వేరే మనిషి లేడు. బాబాయిని అంబులెన్సులో ఉంచి, నేను పైలట్ వెంట ఆ గదిలోకి వెళ్ళాను.

ఆ ఉద్యోగంలో ఒక కట్టుబాటు ఉంది. వాతావరణం చెప్పేవాళ్ళు వెళ్ళమనకూడదు, వద్దనకూడదు. ఉన్నది చదవాలి. వెళ్ళాలో మానాలో తేల్చుకోవలసింది పైలట్. పిన్ని మా ఇద్దరి వంకా చూడకుండా చదివింది.

"వాయుగుండం తుఫానుగా మారుతోంది. మీరు చేరే వేళకి దాని అంచు ఆ ఊరి మీద ఉంటుంది. రన్‌వేకి అడ్డంగా గట్టి గాలి. దారి పొడవునా ఉరుములు పిడుగుల క్యుములోనింబస్ మేఘాలు. చుట్టూ తిరిగి వెళ్ళేందుకు సందు లేదు."

పైలట్ కాసేపు నసిగాడు. "మేడమ్, మీవారే కదా అంబులెన్సులో ఉన్నది. గాలి కాస్త ఆలస్యంగా వస్తుందంటే నేను తెగిస్తాను. ఆలస్యం కావచ్చా?"

"కావచ్చు."

"అవుతుందంటారా?"

అవునను పిన్నీ, ఒక్క మాట అను, అని లోపల్లోపలే బతిమాలుకున్నాను.

"ఇప్పుడు నా దగ్గరున్న దాన్నిబట్టి ఆలస్యం కాదు. ఆ వేళకే వస్తుంది" అంది.

పైలట్ వెళ్ళనని చెప్పి తల దించుకుని బయటికి నడిచాడు. నేను అరిచాను. "ఆయన నీ మొగుడు పిన్నీ!"

"అతనూ ఎవరికో మొగుడేనే. విమానంలో నర్సు ఉంటుంది. నువ్వూ ఉంటావు."

గొంతు వణకలేదు. ఆ వణకని గొంతుని నేను ఇప్పటికీ క్షమించలేదు. అంబులెన్సులో బాబాయ్ మాత్రం "మీ పిన్ని చెప్పిందంటే అంతేనమ్మా, బండి తిప్పమను" అన్నాడు.

తుఫాను సముద్రం మధ్యలో కాళ్ళీడ్చింది. ఆ సాయంత్రం ఆ ఊళ్ళో సన్నటి జల్లు తప్ప ఏమీ లేదు. విమానాలు దిగాయి, లేచాయి. కాలేయం వేరే ఎవరికో అమర్చారు. మర్నాడు ఉదయం తుఫాను వచ్చి ఆ విమానాశ్రయం పైకప్పు లేపేసింది. పిన్ని చెప్పిందంతా జరిగింది, ఒక పూట ఆలస్యంగా. "చూశారా, మీరన్నదే నిజమైంది" అని ఆఫీసువాళ్ళు ఇంటికొచ్చి మరీ మెచ్చుకున్నారు. పుండు మీద కారం చల్లడానికి అంతమంది రానక్కర్లేదు.

ఇంకో కబురు రాలేదు. వచ్చినా ఇక ఆపరేషన్‌కి ఆయన ఒళ్ళు తట్టుకోదని ఆసుపత్రివాళ్ళు పేరు కొట్టేశారు. ఆ సంగతి బాబాయికి చెప్పింది పిన్నే. వాతావరణం చదివినట్టే చెప్పింది.

బాబాయ్ జోకులు అప్పటికే మానేశాడు.

"ఒకటి అడుగుతాను" అన్నాడు. "ఆ రోజు మళ్ళీ వచ్చిందనుకో. అదే మబ్బు, అదే గాలి. ఏం చెబుతావు?"

గదిలో ఉన్నది మేం ముగ్గురమే. అక్కడ అబద్ధమాడితే ఏ విమానమూ కూలదు. పోయే మనిషికి ఓ మాట, అంతే. పిన్ని మంచం అంచున కూర్చుని వాచిపోయిన ఆయన పాదాలు ఒళ్ళో పెట్టుకుంది. కళ్ళమ్మట నీళ్ళు కారుతూనే ఉన్నాయి.

"అదే చెబుతాను" అంది.

ఆయన పాదాలు వెనక్కి లాక్కుని గోడవైపు తిరిగాడు. ఆ తర్వాత బతికిన నాలుగు రోజులూ, మంచినీళ్ళు కావాలన్నా నన్నే పిలిచాడు.