బాయి పెద్దబాపు పిడికిలి

మా వాడకట్టులో అందరూ ఆయనను బాయి పెద్దబాపు అనేవారు. గోదావరిఖని బొగ్గుబాయిలో పనిచేసి, ఆ బాయి మూతపడ్డాక కోరుట్లకు తిరిగొచ్చిన మనిషి. నేను దండం పెడితే ఆయన పిడికిలెత్తేవాడు.

“దండం పెట్టే చేతులల్ల ఏముంటది బిడ్డా, గాలి! పిడికిలి బిగవట్టాలె.”

“గా పిడికిలితోనే బువ్వ తింటవా పెద్దబాపూ?” అంటే పడిపడి నవ్వేవాడు.

ఓట్లప్పుడు మాత్రం నవ్వేవాడు కాదు. బాయి మీద పనోళ్లంతా ఒక్క ఎర్రజెండాకే వేసేవారట. ఇక్కడ ఏ కులం వాళ్లు ఆ కులసంఘంలో కూర్చుని ఓటు ఎవరికో తేల్చుకుంటారు. ఆయన ఆ గడప తొక్కలేదు. “ఆకలైనోనికి కులమేంది?” అనేవాడు.

బాయి ఉంటే కొడుకూ అందులోకే దిగేవాడు. లేదు కనుక దుబాయి పోయి, ఏజెంటు మోసంతో అక్కడ జైలు పాలయ్యాడు. ఆ ఏడాది ఎన్నికలకు ఒక నాయకుని మనిషి పెద్దబాపు దగ్గరికి వచ్చాడు.

“నీ కొడుకును మా సారు తోల్కస్తడు. నువ్వు సంఘంల అందరి ముంగట దేవుని మీద ఒట్టేసి, ఓటు మాకే అని చెప్పాలె. నువ్వు చెప్తే ఎదురు మాట్లాడేటోళ్లంత మెత్తవడ్తరు.”

ఒట్టుకు మా ఇంటి దేవునర్రలోని వేములవాడ రాజన్న పటం అడిగారు. సంఘంలో నేనే దాన్ని పట్టుకుని నిలబడ్డాను. పెద్దబాపు నా మొఖం చూడలేదు. పిడికిలి విప్పి, అరచెయ్యి అద్దం మీద పెట్టాడు.

కొడుకు వచ్చాడు. ఆ దయకు రాజన్నను రోజూ తలుచుకుంటాను. పెద్దబాపు మాత్రం అప్పటినుంచి నేనెదురైతే రెండు చేతులూ జోడించేవాడు. ఒకనాడు ఉండబట్టలేక నేనే పిడికిలెత్తాను.

“దించు బిడ్డా,” అన్నాడు. “ఎవలన్న సూస్తరు.”