బొల్లారం బంగళాలో నీళ్లు చల్లినవాడు

షూటింగులు జరిగిన చోట్లు చూసొద్దామని మనవరాళ్లు అంటే నాకు ఒళ్లు మండుతుంది. నేను ఒక్కటి చూశాను. చాలు.

అక్కడ తీసిన సినిమాను మా అమ్మ మూడుసార్లు చూసింది. కథ కోసం కాదు. హీరో గుర్రబ్బండి దిగేటప్పుడు వెనకాల ఒకడు తోలుతిత్తితో నీళ్లు చల్లుతూ పోతాడు. ముఖం కనబడదు. తిత్తి మాత్రం ఎడమ భుజానికి ఉంటుంది. మాది నీళ్లు మోసే ఇల్లు. మావాళ్లంతా కుడి భుజానికే వేస్తారు. చిన్నప్పుడు కుడి భుజం విరిగి ఎడమకు మార్చుకున్నది మా అన్న ఒక్కడే.

పోలీసు చర్య నాటి నుంచి అన్న జాడ లేదు. రజాకార్ల శిబిరంలో రెండు నెలలు నీళ్లు మోశాడు, అంతే. దానికే పట్టుకుపోతారని పారిపోయాడు. బతికున్నాడో లేదో తెలియక ఏడాదిన్నర గడిచింది.

సినిమా తీసిన బంగళా బొల్లారంలో ఉందని, ఆదివారాలు జనం చూడ్డానికి పోతున్నారని విన్నాం. మేమూ బయల్దేరాం. అమ్మ బుర్ఖా ఇంట్లో వదిలి బొట్టు పెట్టుకుంది, నాకూ పెట్టింది. ఆ రోజుల్లో ముసల్మానులమని తెలియకుండా బోయిగూడ దాటాలంటే మాలో చాలామంది చేసిన పనే. "ఎవల్నీ నమ్మకు. మనమెవలమో చెప్పకు. సినిమా పిచ్చోళ్ల లెక్కనే ఉండాలె" అంది. పదమూడేళ్ల నాకు ఒళ్లంతా కళ్లయ్యాయి.

కాపలా ముసలాయన మమ్మల్ని తిప్పి చూపించాడు. "గీ మెట్ల మీదనే హీరోయిన్ కూసోని ఏడ్సింది. గా కిటికీల నుంచే దొంగ దుంకిండు." కిటికీకి ఇంత లావు ఊచలున్నాయి. దొంగ ఎట్ల దుంకిండు తాతా అంటే నన్ను గుర్రుగా చూశాడు. ఉత్త అబద్ధాలకోరని అక్కడే తేల్చేసుకున్నాను.

అమ్మ ఏమీ ఎరగనట్టు అడిగింది. "సినిమాల నీళ్లు సల్లెటోడు ఉన్నడు గద, ఈడనే ఉంటడా?"

ముసలాయన ఆగిపోయాడు. "ఎందుకమ్మా?"

"ఊకెనే."

"గసుంటోడు ఎవ్వడు లేడు." మా నొసళ్లు చూశాడు, చెప్పులు చూశాడు. "జెర నిలబడుండ్రి, వెనక గదికి తాళంచెవి తెస్తా" అని వెళ్లి చాలాసేపటికి వచ్చాడు. చేతిలో తాళంచెవి లేదు. వీడేదో దాస్తున్నాడని అమ్మ చెయ్యి గిల్లాను.

ఇద్దరం ఆయన్ని తప్పించుకుని పెరట్లోకి పోయాం. బావి దగ్గర తడితిత్తి ఒకటి వేలాడుతోంది. దాని పట్టీకి వేసిన కుట్టు అమ్మ చేతిదే. అంతవరకు బిగబట్టుకున్న మనిషి, "యా అల్లా! నా కొడుకుది!" అంటూ కూలబడింది.

వెనకే వచ్చిన ముసలాయన ముఖం పాలిపోయింది. "మీరు తురకోళ్లా? నువ్వు వాని తల్లివా?"

"అవును."

"అయ్యో, ఎంత పని జేస్తివమ్మా! మరి బొట్టెందుకు పెట్టుకోని వస్తివి?" నెత్తి కొట్టుకున్నాడు. "హిందువులొచ్చి ముసల్మాన్ పిలగాన్ని ఎందుకడుగుతరు, పట్టియ్యనీకి గాకపోతే? ఏడాది సంది కడుపుల పెట్టుకోని దాసిన. ఇందాకనే పోయి సెప్పిన, నీకోసం ఎవలో వచ్చిండ్రు, ఉరుకు బిడ్డా అని."

ఆయన కాప్రా దిక్కు చెయ్యి చూపించాడు. ముగ్గురం గోడ దాకా పరుగెత్తాం. పొలాల్లో చాలా దూరాన ఒక మనిషి ఉరుకుతున్నాడు. ఎవరైనా వింటారని ఏడాదిన్నరగా ఇంట్లో కూడా గొంతు పెంచని అమ్మ, ఊరంతా వినేట్టు అన్నను పేరు పెట్టి పిలిచింది. అంత దూరానికి గొంతు ఎవరిదో తెలియదు. పేరు మాత్రం తెలిసింది. అన్న ఇంకా జోరుగా ఉరికాడు.