రెండో డిస్కు

లిఫ్టులు బాగుచేసే మనిషి కదా, దేన్నైనా గట్టిగా లాగి చూడందే నమ్మడు. కుర్చీలో కూర్చునే ముందు కూడా దాన్ని ఓసారి చేత్తో నొక్కుతాడు. పాత కంప్యూటర్లో డిస్కు చెడిపోయి, కూతురి తొలి అడుగుల వీడియో దాంతోపాటే పోయినప్పటినుంచి మరీను. కొత్త కంప్యూటర్ తనే బిగించుకుంటూ, ఏది దాచినా రెండింట్లోనూ పడేలా రెండు డిస్కులు పెట్టాడు. అవి కూడా వేర్వేరు దుకాణాల్లో కొన్నాడు. "కవలలకి జలుబు ఒకేసారి వస్తుందే," అన్నాడు భార్యతో. "మీ చాదస్తం పాడుగాను! ఒకటి చాలదా?" అందావిడ. "లిఫ్టుకి ఒక్క తాడు కడతారా ఎవరైనా?" అంటూ, కూతురు పాడిన పాట నడుస్తుండగానే ఒక డిస్కు తీగ పీకేశాడు. ఆవిడ కెవ్వుమంది. పాట మాత్రం ఆగలేదు.

మొన్న సాయంత్రం పని నుంచి వచ్చేసరికి లోపల అదే పాట వినిపిస్తోంది. పక్కింటావిడ గుండెమీద చెయ్యేసుకుని నిలబడి ఉంది. భార్య, పీకిన తీగని గాల్లో ఊపుతూ, "లిఫ్టుకి ఒక్క తాడు కడతారా వదినా ఎవరైనా?" అంటోంది. అతను గుమ్మంలోనే ఆగి, మీసం సవరించుకుని, ఆ మాట చివరిదాకా విన్నాకే దగ్గాడు.