తొక్కకుండానే పడ్డ బ్రేకు

పంతొమ్మిదివందల ముప్పై నాలుగులో ఏలూరు కాలవగట్టున వెంకట్రాజు షెడ్డు ఎరగనివాడు ఏలూరివాడే కాడు. సైకిలు, మోటారుసైకిలు, రైసుమిల్లు ఇంజను, ఏది చెడినా అక్కడికే. పనితోబాటు కోతలు ఉచితం. తాడేపల్లిగూడెం స్టేషన్లో ఆగనని మొండికేసిన గూడ్సుబండిని ఒంటి స్పానరుతో ఆపానంటాడు. కొల్లేట్లో తను పట్టిన వాలుగచేప మీసం మీద ఇంటిల్లిపాది బట్టలూ ఆరేశానంటాడు.

"ఇంతకీ బట్టలు ఆరాయా రాజుగారూ?" అనేవాళ్ళు.

"ఆరాయి గానీ, ఇప్పటికీ చేపవాసనే!"

ఆయన మాట నమ్మినవాడు లేడు, ఆయన చేసిన బ్రేకుని శంకించినవాడూ లేడు. బ్రేకు వేసిన బండిని ముందు తనే ఎక్కి నడపాలన్నది ఆయన పట్టింపు మరి.

ఆ ఎండాకాలం కొల్లేరు తగ్గాక జాలర్ల వలకి ఓ మోటారుసైకిలు తగులుకుంది. పెదపాడు మిషన్ బడి పంతులు క్రీస్తుదాసుది. కిందటి వానల్లో దానిమీదే కొల్లేటి లంకగ్రామంలో ప్రార్థనకని బయల్దేరినవాడు మళ్ళీ రాలేదు. శవమూ దొరకలేదు. ఊరు ఊరుకుంటుందా? బండిని నీళ్ళలోకి తోసేసి రంగూను ఓడెక్కాడంది. ఆయన భార్య లిడియా అదే బళ్ళో పంతులమ్మ. అప్పట్నుంచీ చర్చిలో చావుగంట కొట్టనివ్వలేదు, రోజూ ఆయన కంచం పెట్టడమూ మానలేదు.

ఆ తుప్పుబండిని ఎడ్లబండిలో వేయించుకుని ఆవిడే వచ్చింది.

"ఆపబోతే ఆగలేదా, అసలు ఆపనే లేదా? అదొక్కటే చెప్పండి వెంకట్రాజు గారూ. ఆయన కోసం ఏడవాలో, ఆయన మీద ఏడవాలో తెలియక ఉన్నాను."

వెంకట్రాజు వెనక చక్రం ఊడదీసి బ్రేకు డ్రమ్ము తెరిచాడు. నాచు, బురద, తుప్పు. డ్రమ్ముని లోపల్నుంచి ఒత్తి ఆపే షూల మీద లైనింగు పట్టీ అన్నది లేదు. అదంతా అరిగిపోయి రాగి రివెట్లు పైకి తేలాయి. అవి డ్రమ్ముని కోసిన గాట్లు వేలికి లోతుగా తగిలాయి. కాలితో తొక్కే బ్రేకు పెడలు కిందికి వంగిపోయి ఉంది. మామూలు తొక్కుడికి వంగే ఇనుము కాదది.

"ప్రాణం పెట్టి తొక్కాడమ్మా," అన్నాడు.

ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. "నా మీద జాలితో కోతలు కోస్తున్నారు."

"ఒట్టమ్మా!"

"మీసం మీద బట్టలారేసింది కూడా ఒట్టేనా అండీ?"

వెంకట్రాజు ఊడదీసిన చక్రం మీదికి వంగాడు.

ఆవిడ వెళ్ళాక పనిలోకి దిగాడు. డ్రమ్ముని కిరసనాయిలుతో కడిగి, ఎండబెట్టి, ఉప్పుకాగితంతో నునుపు తేల్చాడు. మద్రాసు లైనింగు పట్టీ కోసి, రివెట్ల తలలు పట్టీ లోపలికి దిగిపోయేలా కొట్టాడు. పెడల్ని కాల్చి సాపు చేశాడు. వారం రోజులు కూర్చుని ఇంజన్నీ విప్పి, కడిగి, నడిచేలా చేశాడు. అన్నీ బిగించి, బండిని స్టాండు మీద నిలబెట్టి చక్రం తిప్పాడు. గిర్రున తిరిగింది. తిరుగుతూ తిరుగుతూ టక్కున ఆగింది.

చూస్తే పెడలు కిందికి నొక్కుకుని ఉంది. దాని మీద ఎవరి కాలూ లేదు.

స్ప్రింగు పట్టేసిందేమోనని విప్పి చూశాడు. బాగానే ఉంది. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ ఆగింది. ఈసారి డ్రమ్ము అంచునుంచి నీటిచుక్క జారింది. మిట్టమధ్యాహ్నం, రేకుల షెడ్డు పెనంలా కాలుతుంటే, ఎండిన డ్రమ్ములోంచి నీళ్ళు! వేలితో అద్ది వాసన చూశాడు. కొల్లేటి నాచు.

ఇంకోడైతే షెడ్డుకి తాళంవేసి పోయేవాడు. వెంకట్రాజుకి మాత్రం భయంకంటే ఆవిడ అన్నమాటే ఎక్కువ మండుతోంది. మర్నాడు ఆ బండి మీదే పెదపాడు వెళ్ళి ఆవిడ గుమ్మంలో ఆపాడు.

"వెనక కూర్చోండమ్మా. నా మాట వద్దు. బండి ఏం చెబుతుందో చూడండి."

కొల్లేటి గట్టు మీద పురుగు లేదు. కొంగలు కూడా నోరు మూసుకున్నాయి. రెండుపక్కలా బీటలువారిన నేల మీద ఎండమావి అలలు అలలుగా కదులుతోంది, ఆ వానాకాలపు కొల్లేరే తిరిగొచ్చినట్టు. బండి దొరికిన మలుపు దగ్గరపడగానే వెంకట్రాజు కాళ్ళు రెండూ ఎత్తి ముందుకి చాపాడు.

"చూశారా? నా కాళ్ళు ఇక్కడున్నాయి!"

లిడియా వంగి చూసింది. పెడలు మెల్లగా దిగింది. ఆపైన గట్టిగా. ఆపైన ఇంకా గట్టిగా, ఎవరో సీటు మీంచి లేచి ఒళ్ళు బరువంతా దాని మీదే వేసినట్టు. లైనింగు కీచుమంది. చక్రం దుమ్ములో గీసుకుంటూ పోయి గట్టు అంచున నిలిచింది. ఇంజను ఆగిపోయింది. పెడలు మాత్రం పైకి లేవలేదు. దాని మీద చెప్పు అడుగంత తడిమరక.

లిడియా దిగి పక్కనే కూలబడింది. పెడలు మీద చెయ్యి వేసి, నిద్రపోతున్నవాణ్ణి లేపినంత మెల్లగా అంది.

"ఆగిందండీ. ఇంక కాలు తియ్యండి."

పెడలు పైకి లేచింది.

ఆ సాయంత్రం పెదపాడు చర్చిలో గంట మోగింది. లిడియా ఆయన కంచం కడిగి లోపల పెట్టేసింది.

వెంకట్రాజు కోతలు మానలేదు. గూడ్సుబండికి రెండో ఇంజను తగిలింది, వాలుగ మీసం మరో బారెడు పెరిగింది. క్రీస్తుదాసు బండి సంగతి అడిగితే మాత్రం, "బ్రేకు పోయింది. వేశాను," అని ఊరుకునేవాడు. ఆ తర్వాత చాలాసేపు, పొడిగా ఉన్న చేతుల్నే గుడ్డతో తుడుచుకునేవాడు.